మూకీ హాస్య చిత్రాలకు విశాఖలో పెద్ద తెర కావాలి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పాత సినిమాలపై ఇటీవల వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. చాప్లిన్, కీటన్, లాయిడ్ వంటి మూకీ హాస్యనటుల గురించి అందులో గౌరవంగానే రాశారు. అయితే చివరికి వచ్చేసరికి, ఆ చిత్రాలు ఇక సినిమా చరిత్ర చదివేవారికే తప్ప మామూలు ప్రేక్షకులకు అక్కరకు రావని, మాటలు లేని నలుపు తెలుపు బొమ్మ ముందు ఈ తరం పిల్లలు పది నిమిషాలైనా కూర్చోలేరని తేల్చేశారు. ఈ తీర్పును నేను ఒప్పుకోలేను. ఈ నగరంలోని ప్రభుత్వ పాఠశాలల్లో చాలాకాలం భౌతికశాస్త్రం బోధించి, పాఠాల మధ్య వీలు చిక్కినప్పుడల్లా ఆ చిత్రాలను పిల్లలకు చూపించిన వాడిగా నేను గమనించింది వేరు. పిల్లలు కూర్చోలేకపోతే ఆ లోపం చిత్రాలది కాదు. వాటిని ముక్కలు చేసి, వేగం చెడగొట్టి, అరచేతిలోని ఫోనులో ఒంటరిగా చూడమని వదిలేస్తున్న మన తీరుది. పూర్తి నిడివితో, సరైన వేగంతో, పదిమంది మధ్య పెద్ద తెర మీద చూపిస్తే అవి నేటికీ నవ్విస్తాయి. నేడు వస్తున్న చాలా హాస్య చిత్రాల కంటే గట్టిగానే నవ్విస్తాయి.

ముక్కలు చేయడం వల్ల ఎంత పోతుందో చెప్పడానికి ఒక్క చిత్రం చాలు. ఎత్తైన భవనం మీద గడియారం ముల్లు పట్టుకుని వేలాడుతున్న కళ్లజోడు యువకుడి బొమ్మ చూడనివారు అరుదు. అది హెరాల్డ్ లాయిడ్ నటించిన 'సేఫ్టీ లాస్ట్' అనే 1923 నాటి చిత్రంలోనిది. ఆ దృశ్యం ఫోనులో అర నిమిషం కనిపిస్తే పిల్లవాడు 'అబ్బో' అని వేలితో పైకి తోసేస్తాడు, ఎందుకంటే ఆ యువకుడు అక్కడికి ఎందుకు చేరాడో వాడికి తెలియదు. మొదటి నుంచి చూసినవారికి తెలుస్తుంది. అతను చిన్న ఊరి నుంచి పట్నం వచ్చి, పెద్ద దుకాణంలో బట్టలు కొలిచి ఇచ్చే గుమాస్తాగా చేరతాడు. ఊళ్లో తన కోసం ఎదురుచూస్తున్న అమ్మాయికి మాత్రం గొప్ప ఉద్యోగం చేస్తున్నట్టు ఉత్తరాలు రాస్తాడు, గది అద్దె బాకీ ఉన్నా ఆమెకు నగ కొని పంపుతాడు. ఆమె ఉన్నట్టుండి పట్నంలో దిగేసరికి దుకాణానికి మేనేజరునని నటించక తప్పదు. ఇంతలో దుకాణానికి జనాన్ని రప్పించే ఉపాయం చెప్పినవారికి వెయ్యి డాలర్లు ఇస్తామన్న మాట చెవిన పడుతుంది. గోడలు ఎక్కడంలో ఆరితేరిన స్నేహితుడి చేత భవనం ఎక్కిద్దామని పథకం వేస్తాడు. తీరా సమయానికి ఆ స్నేహితుణ్ణి ఒక పోలీసు వెంటాడుతుంటాడు. 'ఒక్క అంతస్తు నువ్వు ఎక్కు, అక్కడి నుంచి నేను అందుకుంటాను' అన్న స్నేహితుడి మాట, ప్రతి అంతస్తు దగ్గరా 'ఇంకొక్కటి' అవుతూ పైకప్పు దాకా సాగుతుంది.

ఇది మన కథ కాదని ఎవరనగలరు? జగదాంబ కూడలి చుట్టూ ఉన్న బట్టల దుకాణాల్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడి చీరలు విప్పి చూపించే కుర్రవాళ్లలో, శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చి, ఇంటికి ఫోను చేసినప్పుడు అంతా బాగుందని చెప్పేవారు ఎందరో ఉంటారు. ఆ యువకుడు గోడ పట్టుకుని వేలాడేటప్పుడు అతనితో పాటు అతని అద్దె బాకీ, అతని అబద్ధం, అతని ప్రేమ కూడా వేలాడుతున్నాయి. పావురాలు వచ్చి మీద వాలినా, వల వచ్చి తలకు చుట్టుకున్నా, ప్యాంటులోకి ఎలుక దూరినా మనం అంతగా నవ్వేదీ, అంతగా ఊపిరి బిగబట్టేదీ అందుకే. దాదాపు గంట సేపు కట్టిన కథ మీద చివరి భాగం నిలబడి ఉంది. చివరి భాగాన్ని మాత్రం కత్తిరించి చూపిస్తే మిగిలేది సర్కసు విన్యాసమే. లాయిడ్‌కు 1919లో జరిగిన ప్రమాదంలో కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు పోయాయని, ఉత్తుత్తి బాంబు అనుకున్నది చేతిలో పేలిందని, ఆ లోటు కనిపించకుండా తొడుగు వేసుకుని ఈ చిత్రంలో నటించాడని చెప్పినప్పుడు నా తరగతి గదిలో కలిగిన నిశ్శబ్దం నాకు బాగా గుర్తు.

బస్టర్ కీటన్ విషయానికి వస్తే, భౌతికశాస్త్రం చెప్పినవాడిగా నాకు కొంత పక్షపాతం ఉందని ముందే చెప్పుకుంటాను. 1928లో వచ్చిన 'స్టీంబోట్ బిల్ జూనియర్' చివరి భాగమంతా ఒక తుపాను. ఆ గాలిని విమాన ఇంజన్లతో పుట్టించారు. గాలికి ఎదురుగా ఒళ్లంతా వంచి, పడిపోకుండా, ముందుకూ సాగకుండా కీటన్ నిలబడే తీరు చూస్తే, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ను ఇంట్లో ఉండి విన్న విశాఖవాసులెవరికైనా ముందు ఒళ్లు జలదరిస్తుంది, తర్వాత నవ్వు వస్తుంది. ఆ రెండూ అంత దగ్గరగా ఉంచగలగడమే అతని గొప్పతనం. ఆ తుపానులోనే, అతని వెనుక నిలబడి ఉన్న ఇంటి ముందుగోడ మొత్తంగా అతని మీదికి కూలుతుంది. పైఅంతస్తులో తెరిచి ఉన్న కిటికీ సరిగ్గా అతను నిలబడ్డ చోటికి వస్తుంది, అతను చెక్కుచెదరడు. అది కెమెరా మాయ కాదు, నిజంగా బరువున్న గోడ.

ఈ ఒక్క దృశ్యంతో నేను తరగతిలో ఒక పీరియడు పాఠం చెప్పేవాడిని. గోడ అడుగు అంచు మీద తిరుగుతూ పడుతుంది కాబట్టి, కిటికీ నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో గోడకు అంత దూరంలో అది నేలను తాకుతుంది. అయితే మనిషి నేల మీద గీసిన చుక్క కాదు, నిలబడి ఉన్నాడు. గోడ అడుగు నుంచి అతని పాదాలకు ఒక దూరం, తలకు మరో దూరం. లంబకోణ త్రిభుజం గీసి ఆ రెండో దూరం కట్టాలి, ఆ రెండింటికీ మధ్యనున్న భాగమంతా కిటికీ ఖాళీలో ఇమడాలి, లేకపోతే తల పగులుతుంది. లెక్క పూర్తయ్యాక అదే దృశ్యాన్ని మళ్లీ చూపిస్తే పిల్లలు మొదటిసారి కంటే ఎక్కువగా నవ్వేవారు, చప్పట్లు కొట్టేవారు. కొలత తెలిసిన కొద్దీ ఆశ్చర్యం పెరిగే హాస్యం ఎంతటి నాణ్యమైనదో ఆలోచించండి. కంప్యూటరు గీసిన గోడ ఎంత పెద్దదైనా ఎవరి మీదా పడదని ఈ కాలం పిల్లలకు చిన్నప్పుడే తెలిసిపోతుంది. నిజమైన బరువు, నిజమైన ఎత్తు, నిజంగా నిలబడ్డ మనిషి తెర మీద కనిపిస్తే వాళ్లు దాన్ని వెంటనే పసిగడతారు. మూకీ హాస్యం పాతబడకపోవడానికి మొదటి కారణం ఇదేనని నా నమ్మకం. ఆనాటి యాస, ఆనాటి మోస్తరు మాటలు పాతబడతాయి, భూమ్యాకర్షణ పాతబడదు.

కీటన్ తెర మీద నవ్వడు. హాస్యం ఆత్మస్థమని, పరస్థమని రెండు విధాలుగా ఉంటుందని, తాను నవ్వడం మొదటిదని, ఎదుటివారిని నవ్వించడం రెండోదని భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పాడు. ఆ రెండో విధానికి కీటన్ ముఖాన్ని మించిన నిదర్శనం నాకు తెలియదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టిన 1926లోనే విడుదలైన అతని 'ది జనరల్'లో, ప్రేమించిన అమ్మాయి కాదన్న దిగులుతో అతను రైలింజను చక్రాలను కలిపే కడ్డీ మీద కూర్చుంటాడు. ఇంజను కదులుతుంది, కడ్డీతో పాటు అతను మెల్లగా పైకి లేచి కిందికి దిగుతూ షెడ్డులోకి వెళ్లిపోతాడు, కదలిక మొదలయ్యాక కాసేపటికి గానీ ఆ సంగతి గమనించడు. దుఃఖానికీ నవ్వుకీ మధ్య సరిహద్దు ఎక్కడో చెప్పలేని ఆ కొద్ది క్షణాలు రైల్వే కుటుంబాలు ఎన్నో ఉన్న ఈ ఊళ్లో పెద్ద తెర మీద పడితే ఎలా ఉంటుందో చూడాలని నాకు కోరిక. ఆ చిత్రం విడుదలైనప్పుడు ఆడలేదు. దానికైన భారీ ఖర్చు రాకపోవడం కీటన్ తన స్వేచ్ఛను పోగొట్టుకోవడానికి ఒక కారణమైంది. నేడు అది ప్రపంచంలోని ఉత్తమ చిత్రాల్లో ఒకటిగా లెక్కకు వస్తోంది.

చాప్లిన్ గురించి అందరూ రాస్తారు కాబట్టి ఒక్క దృశ్యానికే పరిమితమవుతాను. 'సిటీ లైట్స్' 1931లో వచ్చింది. అప్పటికి హాలీవుడ్ మాట్లాడడం మొదలుపెట్టి మూడు నాలుగేళ్లయింది. అయినా చాప్లిన్ తన చిత్రానికి సంగీతం తానే కూర్చుకుని, సంభాషణలు మాత్రం వద్దన్నాడు. (లాస్ ఏంజెలెస్‌లో ఆ చిత్రం తొలి ప్రదర్శనకు ఆయన పక్కన వచ్చిన అతిథి ఐన్‌స్టీన్ అని చెబితే నా విద్యార్థులు నమ్మేవారు కారు.) అందులో చూపులేని పూలమ్మాయి ఒక దేశదిమ్మరిని ధనవంతుడని భ్రమపడాలి. మాట లేకుండా అది ఎలా చెప్పాలన్నది చాప్లిన్‌ను చాలాకాలం వేధించిన సమస్య. చివరికి దొరికిన మార్గం ఇది. రోడ్డు దాటబోయిన దేశదిమ్మరి ఎదురుగా పోలీసును చూసి, ఆగి ఉన్న కారులోకి ఒక వైపు నుంచి ఎక్కి, ఇంకో వైపు తలుపు తీసుకుని కాలిబాట మీదికి దిగుతాడు. తలుపు మూసుకున్న చప్పుడు విని ఆమె కారున్న బాబు అనుకుని పువ్వు చాపుతుంది. అతను ఆఖరి నాణెం ఆమె చేతిలో పెడతాడు. చిల్లర ఇచ్చేలోగా అసలు కారు యజమాని వచ్చి ఎక్కి తలుపు వేసుకుని వెళ్లిపోతాడు. ఆ రెండో చప్పుడు విని ఆమె, చిల్లర తీసుకోకుండానే బాబు వెళ్లిపోయాడని అనుకుంటుంది. ఆ భ్రమ చెదరకూడదని అతను మునివేళ్ల మీద నడిచి పక్కన కూర్చుని ఆమెను చూస్తుంటాడు. అతను అక్కడున్నాడని తెలియని ఆమె కడిగిన కుండలోని నీళ్లు అతని ముఖాన కొడుతుంది.

ఆ తలుపు చప్పుడు మనకు వినిపించదు. అయినా అందరం విన్నాం. ఆమెకు కనిపించనిది మనకు కనిపిస్తోంది, మనకు వినిపించనిది ఆమెకు వినిపిస్తోంది, ఈ రెంటి నడుమ ఆ మనిషి నిలబడి ఉన్నాడు. నీళ్లు ముఖాన పడగానే నవ్వు వస్తుంది, అప్పటికే గొంతులో ఏదో అడ్డుపడి ఉంటుంది. ఇంత సూక్ష్మమైన అల్లికను అర నిమిషం ముక్కగా కత్తిరించి, దాని మీద ఏదో హుషారు పాట అంటించి పంచుకుంటున్నాం, తర్వాత పిల్లలకు ఓపిక లేదంటున్నాం.

ఇక వేగం సంగతి. ఆ రోజుల్లో కెమెరాను చేత్తో తిప్పేవారు. సెకనుకు సుమారు పదహారు నుంచి ఇరవై దాకా బొమ్మలు తీసేవారు. శబ్దం వచ్చాక అది ఇరవై నాలుగుకు స్థిరపడింది. పద్దెనిమిదితో తీసినదాన్ని ఇరవై నాలుగుతో నడిపిస్తే నాలుగింట మూడు వంతుల సమయంలోనే అయిపోతుంది, మనుషులందరూ గెంతుతూ నడుస్తారు. పరుగులు, వెంటాడడాలు చురుగ్గా కనిపించడానికి హాస్య చిత్రాలవారు కొన్నిచోట్ల కావాలనే కెమెరాను నెమ్మదిగా తిప్పిన మాట నిజమే. అది వారి లెక్క ప్రకారం జరిగింది. మనం పోగొట్టేది సరిగ్గా ఆ లెక్కనే. చాప్లిన్ భుజం ఎగరేసే ముందు ఆగే ఆ కొంచెం ఆగడంలోనే నవ్వు ఉంటుంది. శ్రుతి తప్పిన తంబురా మీద పాడించి గాయకుణ్ణి తప్పుపట్టినట్టు ఉంది మన వ్యవహారం.

మన తెలుగువారికి హాస్యమంటే ముందుగా మాట. చమత్కారం, శ్లేష, తిట్టులోని తీపి, ఇవి మన సొత్తు. ఈ సాగరతీరంలోనే తన చిత్రాలు కొన్ని తీసిన జంధ్యాల గారి సంభాషణలు పాఠశాల రోజుల నుంచి ఒప్పజెప్పే తరం నాది. ఆ సంపదను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. అయితే ఆంగికం, అంటే ఒంటి కదలికలతో చేసే అభినయం కూడా మనదే. రేలంగి గారి నడక, రమణారెడ్డి గారి సన్నని ఒళ్లు మెలికలు తిరిగే తీరు, రాజబాబు గారి గంతులు మాటలు తీసేసి చూసినా నవ్విస్తాయి. ఉదయగిరిలో పుట్టిన సింగీతం శ్రీనివాసరావు గారు 1987లో ఒక్క సంభాషణ కూడా లేకుండా 'పుష్పక విమానం' తీస్తే, మాటల మీద మక్కువ ఉన్న మన జనమే దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. మాటలు లేకపోతే మనవాళ్లు చూడరన్న వాదానికి ఆ ఒక్క చిత్రం చాలదా?

విశాఖకు ఈ చిత్రాలు ప్రత్యేకంగా ఎందుకు అవసరమో ఇప్పుడు చెబుతాను. ఇది రేవు పట్నం, ఉక్కు నగరం. ఒడిశా, బెంగాల్, బీహార్, జార్ఖండ్ నుంచి వచ్చి పనిచేస్తున్న వారు గాజువాక, మల్కాపురం, శ్రీహరిపురం వీధుల్లో ఎందరో ఉన్నారు. వారు, మనం ఒకే హాలులో కూర్చుని ఒకే క్షణంలో నవ్వగలిగిన సినిమా ఏదైనా ఉందంటే అది మూకీ హాస్యమే. అమెరికాలో ఈ కళ పెరిగిందే అలాంటి జనం మధ్య. ఇంగ్లీషు రాని వలస కార్మికులు ఐదు సెంట్లు ఇచ్చి చూసే చిన్న చిన్న ప్రదర్శనశాలల్లోనే తొలినాటి సినిమా నిలదొక్కుకుంది. 1936 నాటి 'మోడరన్ టైమ్స్'లో, భోజన విరామం కూడా దండగని భావించే యజమానికి అమ్మడానికి, కార్మికుడి నోటికి తానే అన్నం పెట్టే యంత్రం ఒకటి తెస్తారు. అది తిరగబడి మొక్కజొన్న పొత్తును చాప్లిన్ పళ్ల మీద గిరగిరా తిప్పుతుంది. షిఫ్టు దిగి వచ్చిన కార్మికుడికి ఆ దృశ్యాన్ని ఎవరూ అనువదించి చెప్పనక్కరలేదు.

వినికిడి లేని పిల్లల మాట మరీ ముఖ్యం. మూకీల కాలంలో బధిరులు మిగిలిన ప్రేక్షకులతో సమానంగా సినిమా చూశారు. టాకీ వచ్చి ఆ సమానత్వాన్ని తీసేసింది. చాప్లిన్ స్నేహితుడు, ప్రకృతి చిత్రాలు గీసే గ్రాన్‌విల్ రెడ్‌మండ్ బధిరుడు. చాప్లిన్ తన స్టూడియోలో ఆయనకు బొమ్మలు వేసుకునే చోటు ఇచ్చాడు, తన చిత్రాల్లో వేషాలూ ఇచ్చాడు. 'సిటీ లైట్స్' మొదట్లో కనిపించే శిల్పి ఆయనే. మన నగరంలోని బధిర విద్యార్థులను, మామూలు పాఠశాలల విద్యార్థులను పక్కపక్కన కూర్చోబెట్టి ఒక పూర్తి చిత్రం చూపిస్తే, అందులో ఎవరికీ ఎవరూ వివరించాల్సిన పని ఉండదు.

ఉన్నవాటిని చూసుకోవలసిన బాధ్యత ఇంకొకందుకు కూడా ఉంది. ఆనాటి ఫిల్ము తేలిగ్గా అంటుకుని కాలిపోయే నైట్రేటుతో చేసినది, ఆట అయిపోయాక దాచుకోవాలన్న ఆలోచన చాలామందికి లేదు. అమెరికాలో తీసిన సుమారు పదకొండు వేల పూర్తి నిడివి మూకీల్లో నూటికి పద్నాలుగు మాత్రమే వాటి అసలు రూపంలో మిగిలాయని అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో ప్రకటించింది. మన పరిస్థితి అంతకంటే దయనీయం. 1913 నాటి ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర' కూడా మనకు పూర్తిగా దక్కలేదు. తెలుగు సినిమాకు పితామహుడని మనం చెప్పుకునే రఘుపతి వెంకయ్య గారి కాలపు మూకీలను చూసే భాగ్యం మన పిల్లలకు లేదు.

కాబట్టి మీ పత్రిక ద్వారా నగరంలోని కళాసంస్థలకు, విద్యాసంస్థలకు నా విన్నపం ఇది. నెలకు ఒక ఆదివారం ఉదయం ఒక మూకీ హాస్య చిత్రాన్ని మొదటి నుంచి చివరి దాకా చూపించండి. సిరిపురంలోని చిల్డ్రన్స్ ఎరీనా కానీ, కళాభారతి కానీ, ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయం కానీ ఇందుకు చక్కగా సరిపోతాయి. వేసవిలో సాగరతీరంలో తెర కట్టినా బాగుంటుంది. ఆనాడు థియేటర్లలో పియానో వాద్యకారుడో, చిన్న వాద్యబృందమో తెర పక్కన కూర్చుని వాయించేవారు. ద్వారం వారి వయొలిన్ విని పెరిగిన ప్రాంతం మనది. వయొలిన్, మృదంగం నేర్చుకుంటున్న యువకులు తెర చూస్తూ అప్పటికప్పుడు వాయిస్తే అదొక కొత్త కచేరీ అవుతుంది. మధ్యలో వచ్చే ఇంగ్లీషు అక్షరాల పలకలను తెలుగులో గట్టిగా చదివి చెప్పడానికి ఆంధ్ర విశ్వవిద్యాలయ రంగస్థల కళల విద్యార్థి ఒకరు చాలు. మన దేశంలో మూకీల కాలంలో తెర పక్కన నిలబడి కథ చెప్పే మనిషి ఉండేవాడు, అది మనకు కొత్త కాదు.

ఖర్చు గురించి భయపడనక్కరలేదు. అమెరికా చట్టం ప్రకారం విడుదలై తొంభై అయిదేళ్లు నిండిన చిత్రాలకు అక్కడ హక్కుల గడువు తీరిపోతుంది. నేను పైన చెప్పిన లాయిడ్, కీటన్ చిత్రాలన్నీ ఆ కోవలోకి వచ్చేశాయి. అయితే ఇటీవల శుభ్రం చేసిన మంచి ప్రతులకు, వాటికి కొత్తగా కూర్చిన సంగీతానికి వేరే హక్కులు ఉంటాయి. 'మోడరన్ టైమ్స్' వంటివాటికి తప్పకుండా అనుమతి తీసుకోవాలి. మన దేశపు నిబంధనలు తెలిసిన న్యాయవాది ఎవరైనా ఒక పూట సమయమిస్తే ఈ చిక్కులు తీరతాయి. మొదటి ప్రదర్శనకు ఏది వేయాలని ఎవరైనా నన్ను అడిగితే 'సేఫ్టీ లాస్ట్' అంటాను. గంటా పదిహేను నిమిషాలకు మించని చిత్రం, ఏ వయసువారికైనా పట్టుబడుతుంది.

మీ వ్యాసకర్తను ఆ మొదటి ప్రదర్శనకు నేనే స్వయంగా ఆహ్వానిస్తాను. అక్కడ పిల్లలు పది నిమిషాలు కూర్చుంటారో, పైకప్పు దాకా కూర్చుంటారో చూసి ఆయనే మీ అనుబంధంలో మళ్లీ రాయాలని కోరుతున్నాను. ప్రదర్శన తేదీలు ఖరారైనప్పుడు మీ 'నగరంలో నేడు' శీర్షికలో ఉచితంగా ప్రచురించి సహకరించవలసిందిగా ప్రార్థన.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పెదవాల్తేరు, విశాఖపట్నం